మూలకవి అనుమతి పత్రం జతచేయగలరు

కొరాపుట్ జిల్లా కొండల్లో కోటియా ఊళ్ళని 21 ఊళ్ళున్నాయి. అవి మావంటే మావని ఒడిశా, ఆంధ్రా 1968లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కాయి. తగువు ఇంకా తెగలేదు. అక్కడి జనానికి అటొకటీ ఇటొకటీ రెండేసి రేషన్ కార్డులు, రెండేసి ఓటరు కార్డులు. నాకు ఆ ఊళ్ళంటే అసూయ. ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో కూర్చుని పాతికేళ్ళుగా తెలుగులో కవిత్వం రాస్తున్నాను. నా కవితని చూడగానే రెండు రాష్ట్రాలూ ఎంతో మర్యాదగా "ఇది మీదేనండీ" అంటూ ఒకదాని వైపుకి ఒకటి తోసేస్తాయి.

ముందు ప్రేరణ సంగతి చెప్పాలి. కుర్రకవులు అడుగుతుంటారు, నీకెక్కడ దొరుకుతుందని. మహేంద్రతనయ ఒడ్డున సాయంత్రం పూట కూర్చుంటే కవిత్వం దానంతటదే వస్తుందన్నారు పెద్దలు. కూర్చున్నాను. దోమలొచ్చాయి. నేను రైసు మిల్లులో గుమాస్తాని, నాకు వచ్చేదంతా కాటా దగ్గరే వస్తుంది. లారీ కాటా మీదికెక్కాక అంకెలు ఊగి ఊగి ఒకచోట నిలబడతాయి చూశారూ, ఆ అర నిమిషం నాది. కాటా చీటీ వెనక రాసేస్తాను. ఒకసారి ఆ చీటీనే పొరపాటున డ్రైవరు చేతిలో పెట్టేశాను. అది బరంపురం చేరింది. అక్కడి షావుకారు ఫోన్ చేసి, "బస్తాలు 210 సరిపోయాయి గానీ, ఈ 'ఏటి గొంతులో వెన్నెల' ఎన్ని కేజీలు బాబూ? బిల్లులో కనపడదేం?" అన్నాడు. నా కవిత్వాన్ని ముందూ వెనకా తిప్పి అంత శ్రద్ధగా చదివిన పాఠకుడు ఇప్పటికీ ఆయనొక్కడే.

ఇక తిరస్కారం. ఇందులో నాకున్న అనుభవానికి ఏ విశ్వవిద్యాలయమైనా పిలిచి డాక్టరేటు ఇవ్వొచ్చు. వెనకటి రోజుల్లో స్టాంపులంటించిన తిరుగు కవరు మనమే జతచేసేవాళ్ళం, అంటే మన పరాభవానికి తపాలా ఖర్చులు కూడా మనవే. పోస్టుమేన్ కవరు చేతిలో ఎగరేసి చూసి, "బరువుగా ఉంది గుమాస్తా గారూ, తిరిగొచ్చేసినట్టుంది" అనేవాడు. కాటా లేకుండా కవిత్వాన్ని తూచిన మనిషి. ఇప్పుడంతా ఈమెయిలు. "నెలలోగా జవాబు రాకపోతే ఎంపిక కానట్టు భావించగలరు" అంటారు. భావించడం కవుల పనే కదా అని అది కూడా మన చేతే చేయిస్తున్నారు.

మౌనం ఎంతో కొంత నయం. ఒక సంపాదకులు పనిగట్టుకుని జవాబు రాశారు: "మాండలికం ఎక్కువైంది. మామూలు తెలుగులోకి మార్చి పంపండి." గిడుగు రామమూర్తి గారు 1880లో బడిపంతులుగా వచ్చింది ఈ ఊరికే. నోటితో మాట్లాడేదే చేత్తో రాయండయ్యా అని జీవితమంతా మొత్తుకున్నదీ ఎక్కువగా ఇక్కడి నుంచే. 1936లో ఒడిశా ఏర్పడి ఊరు అటు పోతుంటే ఒప్పుకోలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. దాన్ని అందరూ ఆత్మాభిమానం అంటారు. నాకు ముందుచూపు అనిపిస్తుంది. ఉండిపోయి ఉంటే ఆయన వ్యాసాలు కూడా "మాండలికం ఎక్కువైంది" అని తిరిగొచ్చేవి. అయినా మాట కాదనలేక "ఏటి సేత్తం" అన్నచోట "ఏమి చేయగలము" అని దిద్దాను. మా ఆవిడ చదివి, "ఏటండీ ఇది, బ్యాంకు వాళ్ళు మళ్ళీ నోటీసు పంపారేటి?" అంది.

సభల్లో మాత్రం నాకు లోటు లేదు. ఇక్కడ ఒడియా మిత్రులు పిలిచి, వందన సమర్పణ అయ్యాక, కుర్చీలు మడతపెడుతుండగా, "మన తెలుగు కవి, ఆజ్ఞా, రెండు నిమిషాలు" అంటారు. ఆజ్ఞా అంటే వాళ్ళ 'అండీ' లెండి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి పక్కనే ఉన్న పాతపట్నం వెళితే, "ఒరిస్సా నుంచి శ్రమకోర్చి విచ్చేసిన" అంటారు. శ్రమంతా ఒక ఆటో. ఎవరు పిలిచినా శాలువా కప్పుతారు. ఏడున్నాయి. మా వైపు చలికి పనికొస్తాయి కాబట్టి ఫిర్యాదు లేదు.

అసలు దెబ్బ నిరుడు తగిలింది. వీధి కుళాయి మీద రాసిన కవిత ఒక పత్రికకి పంపాను. సొంత రచన, అనువాదం కాదు, అనుకరణ కాదు అని హామీపత్రం సంతకంతో సహా పెట్టాను. మూడోరోజే జవాబు! "అనువాదం సాఫీగా సాగింది. మూలకవి అనుమతి పత్రం జతచేయగలరు." చిరునామాలో ఒడిశా అని చూశారు, కవిత దాకా వెళ్ళే అవసరం కలగలేదు.

వంశధార నీళ్ళ కోసం ఈ రెండు రాష్ట్రాలకీ 2010లో ట్రిబ్యునల్ వేశారు. నీళ్ళకి వేసినప్పుడు కన్నీళ్ళకి వెయ్యడానికి అభ్యంతరమేమిటో కేంద్రం చెప్పాలి. సరిహద్దు కవితల పంపిణీ తేలేదాకా సగం సగం చొప్పున అచ్చేసుకోమని మధ్యంతర ఉత్తర్వులైనా ఇవ్వాలి. పై చరణాలు వాళ్ళు, కింది చరణాలు వీళ్ళు. ప్రాస దగ్గర బ్యారేజీ కట్టుకోవచ్చు.

కేంద్రం కదిలేలోగా నేనే కదిలాను. ఒక ఒడియా కవిని పుట్టించాను. పేరు చెప్పను, ఆయనకి ప్రచారం గిట్టదు. ఆయన తరఫున అనుమతి పత్రం ఎడంచేత్తో రాసి పంపాను. కవిత అచ్చయింది. అనువాదం కనక పారితోషికం సగమే. పాఠకుల ఉత్తరాలు కూడా వచ్చాయి: "అనువాదమే ఇలా ఉంటే మూలం ఎంత బాగుంటుందో!" మా పక్కింటి ఒడియా మాస్టారు ఆ మూలం కోసం రెండు లైబ్రరీలు తిరిగొచ్చాడు పాపం.

పోయిన వారం సంపాదకులే ఫోన్ చేశారు. ఆ కవిగారివి కొత్తవి పది కవితలు కావాలట, ప్రత్యేక సంచిక వేస్తారట. మరి నావి, అన్నాను. పరిశీలిస్తామన్నారు. కాటా మీద అప్పుడే లారీ ఎక్కింది, అంకెలు ఊగుతున్నాయి. ఆ కవిగారికి ఈ మధ్య ప్రేరణ రావడం లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.