ఒక్క మైనస్ గుర్తు

లినక్స్‌లో ఫైలు సైజు మార్చే ట్రంకేట్ కమాండ్ అంటేనే నాకు టెన్షన్. ఫైలు చివర 10 ఎంబీ కోసెయ్యాలంటే సైజు ముందు మైనస్ పెట్టాలి. అది లేకపోతే ఫైలే 10 ఎంబీ అయి కూర్చుంటుంది! పెద్దదైతే తెగుతుంది, చిన్నదైతే సున్నాలతో ఉబ్బుతుంది. ‘నిజంగానేనా?’ అని ఒక్క మాట అడగదు. గాజువాక ఆటోవాడైనా ఎక్కేముందు రెండుసార్లు అడుగుతాడు కదా.

రుషికొండలో మా ఆఫీసు సర్వర్ నిండితే ప్రోగ్రాములు తమ పనుల చిట్టా రాసుకునే లాగ్ ఫైలును ఇదే కమాండ్‌తో సున్నా చేస్తాం. రాసే ప్రోగ్రామ్, ఎప్పుడూ ఫైలు చివరే రాసే అపెండ్ మోడ్‌లో లేదనుకోండి, పాత చోటు నుంచే మళ్లీ మొదలెడుతుంది, ముందంతా ఖాళీయే. డిస్కులో నిజంగా పట్టిన చోటు చెప్పే డీయూ కమాండ్ కొంచెమే అంటుంది, ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ మాత్రం పాత కొండంత సైజే చూపిస్తుంది. మేనేజర్ గారు చూసేది ఎల్ఎస్సే. ‘ఏం తీశావయ్యా?’ అంటారు. ఆయనకి ఖాళీల ఫైలు గురించి ఎవరు చెప్పాలి? పైగా ట్రంకేట్‌కి సైజు చెప్పేటప్పుడు కె అంటే 1024 బైట్లు, కెబి అంటే 1000!