పులిహోర డబ్బా ఏ స్టేషన్‌లో దిగింది?

వియన్నా నుంచి బ్రాటిస్లావా ఏమంత దూరం కాదు. ఒకటి ఆస్ట్రియా రాజధాని, ఇంకోటి స్లొవేకియా రాజధాని. మధ్యలో తిన్నగా గీత గీస్తే 55 కిలోమీటర్లు. రోమ్ కడుపులో కూర్చున్న వాటికన్‌ని పక్కన పెడితే, యూరప్‌లో ఇంత దగ్గరగా ఉన్న రాజధానులు ఇంకో జంట లేవు. మా ఏలూరు నుంచి బెజవాడ వెళ్లినంత అనుకోండి. బెజవాడ వెళ్లడానికి నేను జన్మలో ఎప్పుడూ ఆలోచించలేదు. ముందు ఏదొస్తే అది ఎక్కేశాను. బ్రాటిస్లావాకి మాత్రం పదకొండు రోజులు ఆలోచించాను.

ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకు ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసినవాడిని వియన్నాలో అమ్మాయి దగ్గర మూణ్ణెల్లు ఖాళీగా కూర్చోబెడితే ఇంకేమవుతుంది? అల్లుడి పాత ల్యాప్‌టాప్ తీసి ఎక్సెల్ షీట్ మొదలుపెట్టాను. రైలు, బస్సు, పడవ, సైకిల్, కారు, విమానం. రెండు ఊళ్ల మధ్య విమానమే లేదని అమ్మాయి నవ్వింది. లేకపోయినా కాలమ్ ఉండాలి, ఆడిట్ అంటే అదీ. ఆ కాలమ్ నిండా "వర్తించదు" అని రాసి రంగు కూడా వేశాను.

పదకొండో రోజు రాత్రి భోజనాల దగ్గర నా నిర్ణయం ప్రకటించాను. రైలు. గంటలో చేరుస్తుంది, రానూపోనూ ఒకే టికెట్, పైగా ఆ టికెట్ మీదే అక్కడ సిటీ బస్సులూ ట్రాములూ ఎక్కొచ్చు.

మా వియ్యంకుడుగారు పెరుగన్నంలో వేలు ఆపారు. ఆయనది రాజమండ్రి. "డాన్యూబ్ నది పక్కనే పెట్టుకుని రైలేంటి బావగారూ? పడవ ఎక్కుదాం. ష్వేడెన్‌ప్లాట్జ్ దగ్గర ఎక్కితే గంటంబావులో దింపుతాడు."

"నాకు నీళ్లంటే భయం," అంది మా ఆవిడ. "రైలూ వద్దు. బస్సైతే ఎక్కడ దిగాలో డ్రైవర్‌ని అడగొచ్చు."

"సైకిల్ బాట బ్రహ్మాండంగా ఉంటుంది మావయ్యగారూ," అన్నాడు అల్లుడు. అట్లాంటిక్ ఒడ్డు నుంచి నల్ల సముద్రం దాకా వెళ్లే సైకిల్ దారి ఒకటుందట, అది ఈ రెండు ఊళ్ల మీదుగానే పోతుందట. దారి పొడుగునా ఎత్తుపల్లాలు లేవట. ఆ మాట అంటూ కంచంలో మూడో అప్పడం పెట్టుకున్నాడు.

అరగంట వాదన తర్వాత తేలిందేమిటంటే, ఎవరి దారి వాళ్లది. శనివారం పొద్దున అందరూ తొమ్మిది గంటల ప్రాంతంలో బయల్దేరాలి, అల్లుడు మాత్రం తెల్లారకుండానే. ముందు ఎవరు చేరితే వాళ్లు గెలిచినట్టు. కలుసుకునే చోటు చూమిల్ విగ్రహం. బ్రాటిస్లావా పాత ఊరి వీధిలో మ్యాన్‌హోల్ లోంచి తల బయటపెట్టి, మూత అంచున చేతులు వేసుకుని, వచ్చేపోయేవాళ్లని చూస్తూ నవ్వుకునే కంచు మనిషి. 1997 నుంచి అక్కడే ఉన్నాడు. పనిలోకి దిగాడో, పని మానేసి పైకొచ్చాడో తెలియదు.

పొద్దున్నే మా ఆవిడ పులిహోర కలిపింది. పెద్ద స్టీలు డబ్బా, పైన గుడ్డ కట్టి, సంచిలో పెట్టి నా చేతికిచ్చింది. "మీరే కదా ముందు చేరేది, మీ దగ్గరే ఉండనివ్వండి." అది నమ్మకమో వెటకారమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అమ్మాయి ఇంటికి తాళం వేసి తాళంచెవి తన బ్యాగులో వేసుకుంది.

వియన్నా హాప్ట్‌బాన్‌హోఫ్ పెద్ద స్టేషన్. పైన బోర్డు మీద "బ్రాటిస్లావా" అని కనిపించింది. పక్కన ఇంకేదో ఉంది కానీ, ఊరు పేరు దొరికాక మిగతాది ఎందుకని చదవలేదు. రైలు నిమిషం ఆలస్యం లేకుండా కదిలింది. కిటికీ బయట చదును నేల, కనుచూపు మేరా గాలిమరలు. వాటిని నలభై దాకా లెక్కపెట్టాను. ఈపాటికి బావగారు పడవలో టోపీ పట్టుకుని కూర్చుని ఉంటారనుకుని జాలిపడ్డాను కూడా.

సరిహద్దు ఎప్పుడు దాటిందో తెలియలేదు. 2007 డిసెంబరులోనే అక్కడ ప్రతి ఒక్కరినీ ఆపి చూసే పద్ధతి పోయింది. డబ్బు మార్చే పని 2009 నుంచి లేదు, స్లొవేకియాకీ యూరోనే. పాస్‌పోర్టు జేబులో ఉంది కానీ అడిగేవాడు లేడు. దేశం మారిందని చెప్పింది ఫోనొక్కటే, స్లొవేకియాకి స్వాగతం అని మెసేజ్ వచ్చింది. బయల్దేరిన గంటకి రైలు ఆగింది. అందరూ దిగారు, నేనూ దిగాను.

బయటికొస్తే చుట్టూ అపార్ట్‌మెంట్లు. ఒకదాని వెనక ఒకటి, అగ్గిపెట్టెలు నిలబెట్టినట్టు. పాత ఊరు లేదు, వీధి లేదు, విగ్రహం లేదు. దూరంగా కొండ మీద కోట కనిపించింది, నాలుగు మూలలా నాలుగు బురుజులు, తిరగేసిన మంచంలా. కోట ఉంది సరే, కోటకీ నాకూ మధ్య డాన్యూబ్ ఉంది.

ఒక పెద్దావిడ సంచీతో వెళ్తుంటే ఆపాను. "స్తానిత్సా?" అన్నాను, నేర్చుకున్న ఒక్క ముక్కా వాడేస్తూ. ఆవిడ నా వెనకున్న స్టేషన్ చూపించింది. "హ్లవ్నా?" అన్నాను. అంటే మెయిన్ అని. ఆవిడ చెయ్యి నెమ్మదిగా పైకి లేచి, నది అవతలికి చూపించింది.

విషయమేమిటంటే, వియన్నా నుంచి బ్రాటిస్లావాకి రైలు దారులు రెండు. ఒకటి డాన్యూబ్‌కి ఉత్తరంగా వెళ్లి మెయిన్ స్టేషన్‌లో ఆగుతుంది. ఇంకోటి దక్షిణంగా వచ్చి నదికి ఇవతల పెట్రజల్కాలో ఆగుతుంది. లక్షమందికి పైగా ఉండే కాలనీ అది. టికెట్ రెండింటికీ చెల్లుతుంది, అందుకే టికెట్ చూసినవాళ్లెవరూ నన్ను దించెయ్యలేదు. బోర్డు మీద నేను చదవని సగం పేరు పెట్రజల్కా.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ముందు వారమే వియ్యంకుడుగారికి అరగంట క్లాసు పీకాను. "హైదరాబాద్ అంటే సరిపోదు బావగారూ, నాంపల్లా, కాచిగూడా, సికింద్రాబాదా, అది చూసుకోవాలి" అని.

ఫోన్ మోగింది. మా ఆవిడ.

"ఎక్కడున్నారు?"

"బ్రాటిస్లావాలోనే."

"మేమూ బ్రాటిస్లావాలోనే. అందరం ఇక్కడే ఉన్నాం. పులిహోర ఎక్కడుంది?"

సిటీ బస్సు పట్టుకున్నాను. టికెట్‌లో సిటీ బస్సు కలిసే ఉందన్న నా ఎంట్రీ ఒక్కటీ నిజమైంది. బస్సు 1972లో కట్టిన పెద్ద వంతెన ఎక్కింది. ఆ వంతెన స్తంభం నెత్తిన ఎగిరే పళ్లెం ఆకారంలో ఒక హోటల్, 95 మీటర్ల ఎత్తున. నేను దాన్ని చూడలేదు. కింద ఒడ్డున తెల్లగా ఆగి ఉన్న పడవనే చూశాను. అది ఆగిన చోటు నుంచి పాత ఊరు నాలుగడుగులు. మా ఆవిడ ఎక్కిన బస్సు సరిగ్గా ఈ వంతెన కిందే దింపుతుంది, అదీ నాలుగడుగులే. నేను అనుకున్న మెయిన్ స్టేషన్ నుంచైతే పావుగంట పైనే నడక. స్టేషన్ నుంచి స్టేషన్‌కి పడే టైమ్ రాశాను గానీ, స్టేషన్ నుంచి ఊళ్లోకి అన్న కాలమ్ పెట్టడం మర్చిపోయాను. విమానానికి రంగు వేయడంలో పడి.

చెప్పడం మరిచాను, 1914లో ఈ రెండు ఊళ్ల మధ్య కరెంటు రైలు వేశారు. అది ట్రాములాగా వీధుల్లోంచి వచ్చి ఊరి నడుమ దింపేదట. నూటపాతికేళ్ల ముందు పుట్టి ఉంటే గెలిచేవాణ్ణి.

చూమిల్ దగ్గర అందరూ ఉన్నారు. అల్లుడు హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని నేల మీద కాళ్లు చాపేశాడు. వియ్యంకుడుగారు విగ్రహం పక్కనే నిలబడ్డారు. ఇద్దరి మొహాల్లోనూ అదే నవ్వు.

"రండి బావగారూ, రైలు బాగా నడిచిందా?"

పులిహోర మాత్రం అద్భుతంగా ఉంది. ఆకలి మీద ఉన్నారు కాబట్టి నన్ను ఎవరూ ఎక్కువ మాటలనలేదు. పల్లీల దాకా ఊడ్చేశారు.

సాయంత్రం వియ్యంకుడుగారు అందరినీ పడవలో తీసుకెళ్తానన్నారు. మా ఆవిడ కూడా ఒప్పుకుంది. భయం ఏమైందని అడిగితే, "వదినగారు పక్కనుంటారుగా" అంది. అల్లుడు సైకిల్‌తో సహా పడవ పక్షం చేరాడు. నేనూ వస్తానన్నట్టు సంచి భుజానికి తగిలించుకున్నాను.

"మీకు రిటర్న్ టికెట్ ఉంది కదండీ, వేస్ట్ చేసుకోవడమెందుకు?" అంది మా ఆవిడ. ఖాళీ డబ్బా కూడా నా సంచిలోనే పెట్టింది.

ఈసారి మెయిన్ స్టేషన్‌కే వెళ్లాను. బోర్డు మొత్తం, కామాలతో సహా, రెండుసార్లు చదివి ఎక్కాను. గంటలో వియన్నా. పడవకి ఎదురు ప్రవాహం, వచ్చేటప్పుడు గంటన్నర పడుతుంది. అందరికంటే ముందు ఇంటికి చేరాను. మూడో అంతస్తు ఎక్కి, తలుపు ముందు నిలబడి, జేబులు తడుముకున్నాను.

తాళంచెవి అమ్మాయి బ్యాగులో ఉంది. బ్యాగు డాన్యూబ్ మీద ఉంది.