సూర్యనారాయణ గారూ, మీ కుర్రతనం బయటపడింది

అయ్యా సూర్యనారాయణ గారూ,

నమస్కారం. ఏటా రథసప్తమికి జిల్లేడాకులు, రేగుపళ్లు నెత్తిన పెట్టుకుని స్నానం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి, కాబట్టి భయభక్తులతోనే అడుగుతున్నాను: కుర్రతనంలో మీరు చేసిన రౌడీయిజం గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదేం?

దాచినా లాభం లేదు లెండి. అచ్చం మీ పోలికే ఉన్న ఈకే డ్రాకోనిస్ అనే నక్షత్రం 110 కాంతి సంవత్సరాల దూరంలో దొరికిపోయింది. బరువు దాదాపు మీదే, వయసు మాత్రం ఓ 10 కోట్ల ఏళ్లు, మీ 460 కోట్ల ముందు పసివాడే. మీరు ఒక్క చుట్టు తిరగడానికి 25 రోజులు తీసుకుంటుంటే వాడు మూడు రోజుల్లోపే తిరిగేస్తాడు, ఎంత జోరుగా తిరిగితే లోపలి ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వేడి వాయువు) అంత బలమైన అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, ఇక చూడండి వాడి తిక్క! మీ మచ్చలు నడుం చుట్టుపక్కలే ఉంటాయి, వాడికి నడినెత్తి దాకా. ఎక్స్-కిరణాలైతే మీకన్నా వందల రెట్లు. 2020 ఏప్రిల్‌లో ఓ సూపర్‌ఫ్లేర్, అంటే మామూలు సౌరజ్వాలల్ని మించిన మహాజ్వాల, పేల్చి, సెకనుకు 510 కిలోమీటర్ల వేగంతో వాయువుని బయటికి విసిరాడు, అదీ జపాన్ టెలిస్కోపులు చూస్తుండగా.

మీరూ అంతేనటగా. అప్పట్లో మీ వెలుగు ఇప్పటిదాంట్లో 70 శాతమే, హడావుడి మాత్రం ఆకాశమంత. పాపం కుజుడు, అయస్కాంత కవచం పోగొట్టుకున్నవాడు, అతని గాలిని చాలావరకు ఊడ్చేసింది మీరేనని కుజుడి చుట్టూ తిరిగే నాసా మావెన్ నౌక చెప్పేసింది.

తపస్సు చేసి శాంతించారేమో అనుకునేవాణ్ణి. అదీ కాదట. మీరు వదిలే సౌరపవనమే, అంటే ఆవేశమున్న కణాల గాలే, అయస్కాంత రేఖల వెంట మీ తిరుగుడుని కొద్దికొద్దిగా మోసుకుపోయిందట. వేగం వయసు వర్గమూలానికి విలోమంగా తగ్గుతుందని, అంటే వయసు నాలుగింతలైతే వేగం సగమవుతుందని, 1972లోనే ఆండ్రూ స్కుమానిచ్ అనే ఖగోళ శాస్త్రవేత్త లెక్క తేల్చాడు. అంటే ఎగిరెగిరి ఆయాసపడి కూర్చున్నారు, దాన్ని మేం పెద్దరికం అనుకుని దండాలు పెడుతున్నాం.

పోనీ పూర్తిగా చల్లబడ్డారా అంటే, అనుమానమే. క్రీ.శ. 774-775 నాటి వలయాల్లో జపాన్ దేవదారు చెట్లు ఉన్నట్టుండి కార్బన్-14 (అంతరిక్ష కణాలు మా గాలిని గుద్దితే పుట్టే రేడియోధార్మిక కార్బన్) ఎక్కువగా దాచుకున్నాయి, మీ కణాల తుఫానే అయ్యుంటుందని చాలామంది శాస్త్రవేత్తల మాట. అప్పుడు మాకు కరెంటే లేదు కాబట్టి బతికిపోయాం. ఇప్పుడు గ్రిడ్లున్నాయి, ఉపగ్రహాలున్నాయి, టీ కొట్లో పది రూపాయలివ్వాలన్నా ఫోనే.

అందుకే 2023లో శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 అనే నౌకని పంపాం, మా భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల నుంచి మిమ్మల్నే చూస్తోంది. పాత అలవాటు మళ్లీ గుర్తొస్తే, ముందు దానికో కబురు చెయ్యండి.

ఇట్లు,
మీ ఎండలో ఒడియాలు పెట్టుకునేవాడు