‘గుండెపోటు’ అని చెప్పేసే చావులు

జూన్ 26 వచ్చిందంటే మన ఊళ్లలో ఏం జరుగుతుందో తెలిసిందే. స్కూలు పిల్లల ర్యాలీ, ఫ్లెక్సీ, చెయ్యి చాపి ప్రతిజ్ఞ, పోలీసు అధికారితో ఫొటో. మాదకద్రవ్యాల వ్యతిరేక దినంగా ఐక్యరాజ్యసమితి 1987లో ప్రకటించిన రోజది. మంచిదే. కానీ అక్కడ మాట్లాడేదంతా అమ్మేవాళ్ల గురించి, అలవాటు పడకూడని పిల్లల గురించి. ఓవర్‌డోస్‌తో పోయినవాడి ఊసు ఉండదు.

వాడి కోసం ఆగస్టు 31 ఉంది, అంతర్జాతీయ ఓవర్‌డోస్ అవగాహన దినం. 2001లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ శివారు సెయింట్ కిల్డాలో, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ మత్తుమందు వాడేవాళ్లకు శుభ్రమైన సిరంజిలిచ్చేందుకు నడిపే కేంద్రంలో పనిచేసే శాలీ ఫిన్ దీన్ని మొదలుపెట్టారు. పోయినవాళ్లను తలుచుకోవాలనుకునే వాళ్లకు రిబ్బన్లు పంచారు, అంతే. మన ప్రభుత్వాలు ఈ రోజును అధికారికంగా జరపాలని నా అభిప్రాయం. ఎందుకంటే మన ఇళ్లలో ఈ చావుకు పేరు ఉండదు. ‘గుండెపోటు’ అంటారు, ‘ఫుడ్ పాయిజన్’ అంటారు. జాతీయ నేర గణాంకాల్లో ఓవర్‌డోస్ మరణాలు ఏటా కొన్ని వందలే కనిపిస్తాయి. ఇంత పెద్ద దేశంలో అంతేనా అంటే, నేనైతే నమ్మను.

అయితే కొవ్వొత్తులతో సరిపెడితే అది ఇంకో ఫ్లెక్సీ అవుతుంది. ఆ రోజు నేర్పాల్సింది వేరే. హెరాయిన్ లాంటివి మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది, పెదాలు నీలంగా మారతాయి, గొంతులోంచి గరగరమని గురకలాంటి శబ్దం వస్తుంది. గదిలో ఉన్న స్నేహితులు ‘మత్తులో ఉన్నాడు, పడుకోనీ’ అనుకుంటారు. తెల్లారేసరికి అయిపోతుంది. ఆ మత్తును విరిచి ఊపిరి నిలిపే మందు నలోక్సోన్. అమెరికాలో దాని స్ప్రేను 2023 నుంచి డాక్టరు చీటీ లేకుండానే కొనుక్కోవచ్చు. ముక్కులో పెట్టి నొక్కడమే, రెండు మూడు నిమిషాల్లో ఊపిరి అందుకోకపోతే ఇంకోటి. 2023లో లక్ష దాటిన అక్కడి ఓవర్‌డోస్ మరణాలు 2024లో సుమారు 80 వేలకు దిగాయి. కారణాలు చాలా ఉన్నా, ఈ స్ప్రే ఊరూరా దొరకడం వాటిలో ఒకటని నిపుణుల మాట.

మన దగ్గర స్ప్రే సంగతి తర్వాత, 108కి ఫోన్ చేయడానికే టెన్షన్. పోలీసులొస్తే తన మీదా కేసు పడుతుందేమోనని పక్కవాడి భయం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్‌లో సెక్షన్ 64ఏ ఉంది, అది చికిత్సకు ముందుకొచ్చిన బాధితుడికి ఊరట. రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవాడిని కాపాడేందుకు 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ చేర్చారు. ఓవర్‌డోస్‌లో ఫోన్ చేసిన స్నేహితుడికి మాత్రం అలాంటి సెక్షన్ ఇప్పటికీ లేదు.