‘ఏరు’ అన్న పిల్లకు నీళ్ళు అందాలి

చింతూరు వైపు ఒక కోయగూడెం బడిలో ఒకటో తరగతి పిల్ల ‘ఏరు’ అందనుకోండి. మైదానం నుంచి వచ్చిన టీచరుకు వాగు గుర్తొస్తుంది. కోయ భాషలో ఏరు అంటే నీళ్ళు. పిల్లకు దాహమేసింది, అంతే. రెండుసార్లు ఇలా జరిగితే మూడోసారి ఆ పిల్ల నోరే తెరవదు. అప్పుడిక ఆమెకు ‘చదువు రాని పిల్ల’ అన్న పేరు పడిపోతుంది.

అదే గూడేనికి చెంది, పిల్లల భాషలో చదువుకు తోడుండే భాషా వాలంటీరు తరగతిలో ఉంటే ఆ పేరు పడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్య కోయ, గోండి, కోలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో వాచకాలు తెచ్చింది. మంచి పని. కానీ భయపడి ముడుచుకు కూర్చున్న పిల్లను వాచకం పలకరించలేదు. మనిషే పలకరించాలి.

వాలంటీరు అంటే టీచరు మాటను తర్జుమా చేసే మనిషి అనుకుంటే పొరపాటే. సంతకు వెళ్ళొచ్చిన పిల్లాడు అక్కడ చూసిందంతా సవరలో చెబుతాడు. వాలంటీరు ఆ మాటల్ని బోర్డు మీద రాస్తారు. పిల్లలంతా వాటినే చదువుతారు. తన మాట బోర్డుకెక్కడం చూసిన పిల్లాడు మర్నాడు తనే ముందు చెయ్యెత్తుతాడు. తెలుగు మాటలు ఆ ధైర్యం మీదే ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. ఇందులో కష్టమైన పని ఒకటుంది. పిల్ల తడబడుతున్నప్పుడు ఆ మాటను మనం పూర్తి చేయకుండా ఆగడం. సాయం చేద్దామన్న తొందరలో పెద్దవాళ్ళే జవాబు చెప్పేస్తే పిల్ల మళ్ళీ వినడానికే పరిమితమవుతుంది. ఈ ఓపిక శిక్షణతో వస్తుంది. రెండు రోజుల సమావేశంతో రాదు.

గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ సవర బడులను కూడా ఆ రోజున తలుచుకోవాలి.

ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. 2020 జాతీయ విద్యావిధానమూ వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన ఉండాలంటోంది. ఆ పని చేస్తున్న వాలంటీర్లేమో కొద్దిపాటి గౌరవ వేతనంతో, కొనసాగింపు ఉత్తర్వులు వస్తాయో రావో అన్న టెన్షన్‌తో బతుకుతున్నారు. ఉత్తర్వు ఆలస్యమైతే నష్టపోయేది వాళ్ళొక్కరే కాదు. కొత్తగా బడికొచ్చిన పిల్లలకు మొదటి నెలలే కీలకం. భయమైనా చనువైనా అప్పుడే పాతుకుంటుంది. ఒకే టీచరున్న బడిలో ఆ టీచరు సెలవు పెడితే తరగతి మొత్తం వాలంటీరు మీద పడుతుంది, పిల్లలతో మాట్లాడే తీరిక పోతుంది.

అందుకే వేసవి సెలవుల్లోనే నియామకాలు, శిక్షణ పూర్తి చేయాలని కోరుతున్నాం. గౌరవ వేతనం నెలనెలా అందాలి. జూన్‌లో మొదటి గంట కొట్టేసరికి, ‘ఏరు’ అంటే నీళ్ళని తెలిసిన మనిషి ఆ తరగతిలో ఉండాలి.