నది నీరు చేరే చోటును వదిలేయకండి
సముద్రాల్లో గాలిలోని నత్రజనిని పట్టే సయనోబ్యాక్టీరియా (ఎండతో ఆహారం చేసుకునే సూక్ష్మజీవులు) వెచ్చటి నడిసముద్రంలోనే ఉంటుందని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. వాటిలో విడిగా బతికే ట్రైకోడెస్మియం అనే రకం వరకూ అది చాలావరకు నిజమే. కానీ ఇంకో జీవితో జతకట్టి బతికేవాటిని ఆ లెక్కలో కలిపేస్తే పొరపాటు. అవి ఎక్కడ ఉండాలో వాటికి చోటిచ్చిన జీవి అవసరాలు కూడా తేలుస్తాయి. రిచేలియా అనే సయనోబ్యాక్టీరియానే చూడండి. అది డయాటమ్‌లతో, అంటే గాజులాంటి పెంకుండే ఒంటికణపు ఆల్గేతో, కలిసి ఉంటుంది. డయాటమ్‌కు పెంకు కట్టుకోవడానికి సిలికా కావాలి, నదులు దాన్ని మోసుకొస్తాయి. అమెజాన్ నీరు అట్లాంటిక్‌లో చాలా దూరం పరుచుకున్నాక, నైట్రేట్ (ఆల్గే నేరుగా వాడుకునే నత్రజని) అయిపోయి సిలికా, ఫాస్ఫేట్ ఇంకా మిగిలిన చోట ఈ జంట విపరీతంగా పెరుగుతుంది. యూసీవైఎన్-ఎ అనే ఇంకో జతకట్టే రకం అయితే ఆర్కిటిక్‌లోని చుక్చీ సముద్రంలోనూ దొరికింది, అంత చలిలో! 2024లో దాన్ని ఆల్గే కణంలో ఒక భాగంగానే గుర్తించి నైట్రోప్లాస్ట్ అన్నారు. మా శ్రీకాకుళం వైపు వరి మడుల్లో అజొల్లా (నత్రజని పట్టే సయనోబ్యాక్టీరియాను ఆకుల్లో దాచుకునే నీటి మొక్క) వేసిన వాళ్లకు ఈ జత కట్టడం కొత్త కాదు. మా నాన్న వేసేవారు. డిగ్రీలో ఆ ఆకును స్లైడ్ మీద నలిపి మైక్రోస్కోప్‌లో చూస్తే పూసల దండల్లాంటి పోగులు బయటికొచ్చాయి, మధ్యమధ్య ఒక్కో పూస కాస్త పెద్దగా, లేత రంగులో. నత్రజని పట్టే పని ఆ పెద్ద పూసదే. వంశధారకు వరదొస్తే కళింగపట్నం దగ్గర సముద్రం ఎర్రబారుతుంది, దూరంగా నీలం మొదలయ్యే గీత కనబడుతుంది. అమెజాన్ దగ్గరలాంటి జంటలు ఇక్కడా ఉన్నాయేమో, ఆ గీత దాటి నీళ్లు తీసి పరీక్షించేవాళ్లు కావాలి. పడవ నేను మాట్లాడిపెడతాను.