గేటు ముందు వెలిగే బోర్డు గారికి

శ్రీయుత కాలుష్య డిస్‌ప్లే బోర్డు గారికి,
మెయిన్ గేటు పక్కన, వేపచెట్టు కింద, పటాన్‌చెరు పారిశ్రామికవాడ.

నమస్కారం. నేను లోపల మందుల ఫ్యాక్టరీలో, పర్యావరణం, ఆరోగ్యం, భద్రత చూసే ఈహెచ్ఎస్ సెక్షన్‌లో కెమిస్టుని. రోజూ మీ ముందు నుంచే డ్యూటీకి వెళ్తాను. ఇంతకాలం పలకరించనందుకు క్షమించాలి. మీ మొహం చూసి మాట్లాడాలంటే కాస్త సిగ్గు.

మీ ఎర్రంకెల్లో బాయిలర్ దుమ్ము 42. నిన్నా 42. మొన్న దుమ్ము పట్టే బ్యాగ్ ఫిల్టర్ చినిగి, పార్కింగ్‌లో తెల్ల కార్లన్నీ బూడిద రంగుకి మారిన రోజున మాత్రం 43. ఆ ఒక్క అంకె పెరగడానికి మీరెంత మథనపడ్డారో నాకు తెలుసు. మాకిచ్చిన హద్దు 115. ఇంత నిగ్రహం యోగులకు కూడా ఉండదు.

మీ పుట్టుక చిన్నది కాదు. ప్రమాదకర వ్యర్థాల కేసులో 2003లో సుప్రీంకోర్టు, లోపల ఏం వాడుతున్నారో, బయటికి ఏం వదులుతున్నారో గేటు బయట జనానికి కనపడేలా పెట్టమంది. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, బాగా కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలు చిమ్నీకి, నీళ్ళ కాలువకి ఆన్‌లైన్ మీటర్లు పెట్టుకోవాలంది. అలా రంగు వేసిన రేకు కాస్తా లైట్లు పెట్టుకుని మీరయ్యారు. జనానికి తెలియాలన్నదే మొత్తం ఉద్దేశం. ఎదురు హోటల్లో గిన్నెలు తోమే పెద్దమ్మ ఒకరోజు మిమ్మల్నే చూస్తూ అడిగింది: "సారూ, గా మీటరేంది, కరెంటు బిల్లా?" మిల్లీగ్రామ్ పర్ నార్మల్ మీటర్ క్యూబ్ అని చెప్పాను. "మంచిగనే ఉన్నదా మరి?" అంది. ఉందన్నాను. "గట్లయితే మా మిద్దె మీద వడియాలు నల్లగెందుకైతున్నయ్?" అని లోపలికి పోయింది. మీ మీద వడియాలకు కాలమ్ లేదు కదా, నేనేం చెప్పను?

నీళ్ళ సంగతికొద్దాం. బురద కొలిచే ప్రోబు, అంటే మీటరు తాలూకు నీళ్ళలో ముంచే కొన, వ్యర్థజలాల కాలువలో ఉండాలి. మా ప్రోబు సుకుమారం, కాలువ పడదు. అందుకని కాలువ పక్కనే ఒక నీలం ప్లాస్టిక్ బకెట్ నిండా మంజీరా నీళ్ళు పోసి, అందులో కూర్చోబెట్టాం. షిఫ్టుకోసారి నీళ్ళు మారుస్తాం. మన ఫ్యాక్టరీలో అంత శుభ్రంగా, అంత టైముకి జరిగే పని అదొక్కటే. ఫ్యాక్టరీల మురుగు కలిసే నక్కవాగు పక్క ఊళ్ళవాళ్ళు తాగునీటి కోసం, పంట నష్టం కోసం 1990 నుంచి సుప్రీంకోర్టు దాకా తిరిగారు. ప్రోబుకి మాత్రం మంచినీళ్ళు ఏ కోర్టుకీ వెళ్ళకుండానే వచ్చాయి.

2009లో కేంద్ర మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య మార్కులు వేసింది. మన పటాన్‌చెరు-బొల్లారానికి 70.07, విశాఖకు 70.82. ఈ పరీక్షలో 70 దాటితే ఫెయిల్. పాయింటు సున్నా ఏడు తేడాతో పోయిందని అప్పట్లో ఇక్కడివాళ్ళు ఎంత బాధపడ్డారో! మీరుండగా అలాంటి బాధలు ఇక రానివ్వరు.

ఇంతకీ ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. మీ మీద దుమ్ముకి కాలమ్ ఉంది, సల్ఫర్‌కి ఉంది, నత్రజని ఆక్సైడ్లకి ఉంది. బొగ్గుపులుసు వాయువుకి, అంటే కార్బన్ డయాక్సైడ్‌కి, లేదు. ఈ నాలుగింటిలో చిమ్నీలోంచి ఎక్కువగా పోయే మసి అదే. కాదు, పొరపాటు, దానికి మసి కూడా లేదు. రంగు లేదు, వాసన లేదు, పెద్దమ్మ వడియాలను ముట్టుకోదు. నిన్న రాత్రి కరెంటు పోయి జనరేటర్ నడిచింది. లీటరు డీజిల్ తూకం ఎనిమిది వందల గ్రాముల పైచిలుకు. అది కాలితే రెండున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, మిగతా బరువంతా గాలిలోని ఆక్సిజన్ ఇచ్చేదే. పెట్టుబడికి మూడింతల రాబడి! మా అకౌంట్స్ వాళ్ళు ఈ వ్యాపారాన్ని ఇంతకాలం ఎలా వదిలేశారో.

ఇప్పుడు దీని మీద అందరికీ ప్రేమ పుట్టింది. వచ్చే వారం ఫారిన్ కస్టమర్ ఆడిట్. వాళ్ళకి కార్బన్ లెక్క కావాలి. మూడు స్కోపులు. ఒకటి, మన పొగ. రెండు, మనం కొన్న కరెంటు వెనకున్న పొగ. మూడు, ముడిసరుకు లారీల నుంచి స్టాఫ్ బస్సు దాకా లోకంలో మిగిలిన పొగంతా. మొదటి రెండిటికీ బొగ్గు బిల్లు, డీజిల్ బిల్లు, కరెంటు బిల్లు ఉంటే చాలు. నిజంగానే కష్టమైన లెక్కేం కాదు. మూడోది మా జీఎం గారు గోడ వైపు చూస్తూ చెప్పారు, నేను ఎక్సెల్‌లో రాసుకున్నాను. బొగ్గులో కొంత తీసేసి వేరుశనగ పొట్టు బ్రికెట్లు వేస్తున్నాం కనుక మొదటి స్కోపు తగ్గింది. పొట్టు పొగని విడిగా చూపిస్తే చాలని నియమం. గాలికి ఆ నియమం ఎవరైనా చదివి వినిపించాలి.

2023లో కేంద్రం కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం తెచ్చింది. హద్దు మించి కార్బన్ వదిలినవాళ్ళు క్రెడిట్లు కొనుక్కోవాలి. సిమెంటు, అల్యూమినియం, కాగితం లాంటి తొమ్మిది రంగాలను అందుకు ఎంచుకుంది. మందుల ఫ్యాక్టరీలు అందులో లేవు. ఆ వార్త వచ్చినరోజు మా క్యాంటీన్‌లో కేసరి చేశారు. పుట్టినరోజు ఎవరిదో అన్నారు, నేను నమ్మలేదు.

ఆడిట్ కోసం గ్రీన్ బెల్టుకి కూడా నీళ్ళు పడుతున్నాం. స్థలంలో కొంత భాగం పచ్చదనం ఉండాలి కదా. కాగితం మీద వేప, కానుగ. నేల మీద అంతా కోనోకార్పస్, త్వరగా పెరుగుతుందని.

చివరగా చిన్న విషయం. ఈ మధ్య మీ అంకెలు సరిగా కనపడట్లేదని కంప్లైంట్ వచ్చింది. వేలితో రాసి చూశాను, మీ అద్దం మీద మసి మందంగా పేరుకుంది. దుమ్ము 42 అన్న చోట మరీ ఎక్కువ. రేపు పొద్దున తుడవడానికి మనిషిని పంపుతున్నాను. నీలం బకెట్ మాత్రం తీసుకెళ్ళొద్దని గట్టిగా చెప్పాను. మీ మొహం కడిగిన నీళ్ళలో ప్రోబు పడిందంటే, ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది.

ఇట్లు,
మీ అంకెల కింద సంతకం పెట్టే
కెమిస్టు